సూర్యలంక వెళ్ళొచ్చాక బాబు భుజాలు కందిపోయాయి, ముట్టుకోనివ్వట్లేదు. ఏం రాయాలి?

పేట_అమ్మాయి · నవంబరు 15, రాత్రి 10:42

నమస్తే అండీ అందరికీ. మాది నరసరావుపేట. ఈరోజు కార్తీక పౌర్ణమి కదా, సముద్ర స్నానానికి తెల్లవారుజామునే సూర్యలంక వెళ్ళాం. స్నానం అవగానే వచ్చేద్దామనుకున్నాం కానీ మా బాబు నీళ్ళు వదిలి రానన్నాడు. చల్లటి గాలి, చెమట కూడా పట్టలేదు. చలికాలం ఎండే కదా అని మేమూ పట్టించుకోలేదు. చూస్తుండగానే ఒంటిగంటన్నర అయింది. వాడికి 8 ఏళ్ళు, 23 కిలోలు. చొక్కా విప్పేసి ఆడాడు.

కారులో వచ్చేటప్పుడు బాగానే ఉన్నాడు. సాయంత్రం ఆరింటికి బనియన్ తొడుగుతుంటే "అమ్మా, ముట్టుకోకు" అని ఒకటే ఏడుపు. చామనఛాయ కాబట్టి ఎరుపు పెద్దగా తెలియట్లేదు. కానీ భుజం దగ్గర చెయ్యి పెడితే పెనం దగ్గర పెట్టినట్టు వేడి తగులుతోంది. నా మెడ వెనక కూడా అంతే, జాకెట్టు అంచు వరకు గీత గీసినట్టు కమిలింది.

మా అత్తయ్యగారు వెన్న రాద్దాం అంటున్నారు. పక్కింటి పిన్నిగారు పసుపులో నిమ్మరసం కలిపి పట్టించమన్నారు. ఫ్రిజ్‌లో ఐసు ఉంది. ఇంట్లో కలబంద కుండీ, కొబ్బరినూనె, రోజ్‌వాటర్, వాసలీన్, పోయినేడు ఆటలమ్మ పోసినప్పుడు కొన్న కాలమైన్ సీసా ఉన్నాయి. దేనితో మొదలుపెట్టాలి? బాగా టెన్షన్‌గా ఉంది.

మందుల_విజయ · రాత్రి 10:55

కంగారు పడకండమ్మా. 14 ఏళ్ళుగా ఏలూరులో మందుల షాపు నడుపుతున్నాను, ఇలాంటివి చాలా చూశాను. వెన్న, నిమ్మరసం, ఐసు మూడూ పక్కన పెట్టండి.

చర్మంలో వేడి ఇంకా ఉంది. ముందు అది దిగాలి. బాబుని బాత్‌రూమ్‌లో పీట మీద కూర్చోబెట్టి, కుళాయి నీళ్ళు మగ్గుతో మెల్లగా భుజాల మీద నుంచి పోయండి. పది, పదిహేను నిమిషాలు పోయాలి. ఫ్రిజ్ నీళ్ళు వద్దు. సబ్బు వద్దు. ఆ తర్వాత పాత నూలు చీర ముక్క తడిపి, పిండి, వీపు మీద పరవండి. వేడెక్కగానే మళ్ళీ తడపండి. తువ్వాలుతో రుద్దకుండా ఊరికే అద్దండి. కాస్త తడి మిగిలి ఉండగానే కలబంద గుజ్జుగానీ కాలమైన్‌గానీ రాయండి. సీసా మీద గడువు తేదీ చూడటం మర్చిపోవద్దు.

నొప్పికి పారాసెటమాల్ సిరప్ ఇవ్వొచ్చు. డోసు బరువును బట్టి, కిలోకి 15 మిల్లీగ్రాములు మించకూడదు. 5 మి.లీ.లో 250 మి.గ్రా. ఉండే సిరప్ అయితే మీ బాబుకి 6 మి.లీ. సరిపోతుంది. మళ్ళీ ఇవ్వాలంటే ఆరు గంటలు ఆగాలి. ఇంట్లో ఆస్పిరిన్ ఉన్నా పిల్లలకి వెయ్యకండి.

ఇంకో మాట ఇప్పుడే చెబుతున్నాను, రేపు భయపడకుండా ఉంటారని. ఎండకు కమిలిన చర్మం వెంటనే బయటపడదు. మూడు నుంచి ఐదు గంటల తర్వాత మొదలై, 12 నుంచి 24 గంటల మధ్య బాగా ముదురుతుంది. రేపు పొద్దున ఇంతకంటే ఎక్కువగా కనిపిస్తుంది. మీరు రాసినది పనిచెయ్యలేదని దాని అర్థం కాదు.

గోదారిగట్టు · రాత్రి 11:03

కలబందే మంచిది అక్కా. మా పిల్లలకి అదే రాస్తాను.

కోనసీమ_మనవరాలు · రాత్రి 11:10

కలబంద రాసేవాళ్ళు చాలామంది తీయడంలో తప్పు చేస్తారు. ఆ తప్పుకి మా చెల్లి ఒంటి మీద దద్దుర్లు తెచ్చుకుంది. అందుకే వివరంగా రాస్తున్నాను.

అడుగున ఉన్న ముదురు మట్ట చూసి మొదట్లో కొయ్యండి. కోసిన చోట పసుపుపచ్చటి జిగురు కారుతుంది. అదే దురద పెట్టేది. మట్టని కోసిన వైపు కిందికి పెట్టి గ్లాసులో పావుగంట నిలబెట్టండి. గ్లాసు అడుగున పచ్చగా చేరుతుంది, వాసన కూడా చేదుగా ఉంటుంది. అప్పుడు మట్ట కడిగి, రెండువైపులా ముళ్ళ అంచులు చెక్కేసి, పైతోలు చాకుతో ఒలిచేయండి. లోపల తాటిముంజె లాంటి గాజు గుజ్జు వస్తుంది. దాన్ని మళ్ళీ రెండు నీళ్ళలో కడగండి. పచ్చదనం ఎక్కడా ఉండకూడదు. గిన్నెలో వేసి స్పూనుతో మెత్తగా చిదిపి, ముందు బాబు మోచేతి లోపలివైపు రవ్వంత రాసి పది నిమిషాలు చూడండి. మంట, దురద లేకపోతే భుజాలకి రాయండి.

సీసాలో దొరికే ఆకుపచ్చ జెల్‌తో జాగ్రత్త. వెనక పదార్థాల జాబితాలో ఆల్కహాల్ అని మొదట్లోనే ఉంటే వద్దు. రాయగానే చల్లగా అనిపిస్తుంది, తర్వాత చర్మం ఇంకా ఆరిపోతుంది. సువాసన, రంగు లేనిది చూసుకోండి.

పేట_అమ్మాయి · అర్ధరాత్రి 12:20

విజయగారూ, కోనసీమ అక్కా, చాలా థాంక్స్. నీళ్ళు పోశాక ఏడుపు ఆపాడు. మావారు బ్యాటరీ లైటు పట్టుకుంటే కుండీలోంచి మట్ట కోశాను. మీరు చెప్పినట్టే గ్లాసు అడుగున పచ్చటి నీరు చేరింది. ఇన్నాళ్ళూ అది కూడా కలిపే ముఖానికి రాసుకున్నాను! తడిగుడ్డ మూడుసార్లు మార్చాం. బోర్లా పడుకుని నిద్రపోయాడు. అత్తయ్యగారు విసనకర్రతో వీస్తూ కూర్చున్నారు.

మంగళగిరి_సుబ్బారావు · నవంబరు 16, ఉదయం 6:35

అందరూ పసుపుని, నిమ్మకాయని తీసిపారేయడం బాధగా ఉంది. మా అమ్మ, అమ్మమ్మ ఎండకి వెళ్ళొస్తే పసుపు, నిమ్మరసం, శనగపిండి కలిపి నలుగు పెట్టేవారు. మాకు ఏమీ కాలేదు. మందుల షాపులో ఉన్నవాళ్ళు ఇంటి వైద్యాన్ని మెచ్చుకుంటారా?

నిమ్మసోడా_రమ · ఉదయం 7:12

సుబ్బారావుగారూ, నాకు జరిగింది చెబుతాను, తప్పుగా అనుకోకండి. రెండేళ్ళ క్రితం మా అమ్మవారి జాతరకి మేము ఉచితంగా నిమ్మరసం పంచాం. పొద్దున తొమ్మిది నుంచి రెండింటి వరకు టెంటు బయట ఎండలో నిలబడి వందల కాయలు పిండాను. రసం ముంజేతి మీదుగా మోచేతి దాకా కారేది, తుడుచుకుంటూనే ఉన్నాను. మర్నాటికి కుడిచేతి వేళ్ళ మధ్య, ముంజేతి మీద మంట. రెండోరోజుకి రసం కారిన దారుల్లోనే బొబ్బలు వరసగా లేచాయి. కాయలు ఎడమ చేత్తో అందుకుని కుడిచేత్తో పిండాను కదా, ఎడమ చేతికి ఏమీ లేదు. బొబ్బలు తగ్గాక అవే దారులు ముదురు గోధుమరంగు చారలుగా మిగిలాయి. పూర్తిగా పోవడానికి నాలుగు నెలలు పట్టింది.

చర్మం డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న "నిమ్మకాయలు పిండారా?" అనే. నిమ్మలో ఉండే ఒక రసాయనం ఎండ తగిలితే చర్మాన్ని కాలుస్తుందట. ఇక అప్పటికే కమిలిన పిల్లాడి వీపు మీద పులుపు రాస్తే ఎంత మంటో మీరే ఆలోచించండి.

మందుల_విజయ · ఉదయం 8:40

సుబ్బారావుగారూ, ఇంటి వైద్యం మీద నాకు చిన్నచూపు లేదండీ. నేను రాత్రి చెప్పినవి నూలుగుడ్డ, కుళాయి నీళ్ళు, కలబంద. అవన్నీ ఇంటివే. మీ అమ్మగారి నలుగు బాగున్న ఒంటికి. పుండులా ఉన్న చర్మం మీద శనగపిండి రుద్దితే పైపొర లేచిపోతుంది. మీరు చెప్పిన మూడింటిలో నాకు అసలు భయం నిమ్మరసంతోనే.

మంగళగిరి_సుబ్బారావు · ఉదయం 9:05

రమగారి చేతి సంగతి చదివాక అర్థమైంది. మా ఇంట్లో కూడా నలుగు స్నానానికి ముందు పెట్టి కడిగేసేవారు, ఎండలోకి వెళ్ళేవాళ్ళం కాదు. తేడా అక్కడుందేమో. పాపం, పిల్లవాడికి త్వరగా తగ్గాలి.

మెల్‌బోర్న్_మావయ్య · ఉదయం 9:30

"చలికాలం ఎండే కదా" అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఇక్కడికి వచ్చిన కొత్తలో నాకూ అదే అభిప్రాయం. 22 డిగ్రీల రోజు, మబ్బు, చల్లటి గాలి. క్రికెట్ ఆడి వచ్చేసరికి చెవుల పైభాగం కమిలి తోలు ఊడింది. ఒంటికి తెలిసే వేడి వేరు, చర్మాన్ని కాల్చే అతినీలలోహిత కిరణాలు వేరు. ఆ కిరణాలు ఒంటికి వేడిగా తగలవు. గాలి చల్లగా ఉంటే లోపలికి పోదామనే అనిపించదు, ఇంకాసేపు ఉండిపోతాం. పైగా ఇసుక, నురగ కొంత వెలుగుని కింద నుంచి మళ్ళీ మన మీదికే కొడతాయి. నీళ్ళలో మునిగి ఉన్నా రక్షణ లేదు, అరమీటరు లోతులో కూడా పైన ఉన్నదాంట్లో 40 శాతం దాకా ఉంటుంది. పల్చటి మబ్బు ఉన్నా చాలావరకు దిగిపోతాయి.

ఆస్ట్రేలియాలో 1981లో "స్లిప్, స్లొప్, స్లాప్" అని ఒక ప్రచారం మొదలైంది. చొక్కా తొడుక్కో, సన్‌స్క్రీన్ పట్టించు, టోపీ పెట్టుకో అని. టీవీలో సిడ్ అనే సముద్రపు కొంగ ఆడుతూ పాడుతూ చెప్పేది. తర్వాత 2007లో నీడ వెతుక్కో, కళ్ళద్దాలు పెట్టుకో అనేవి కూడా చేర్చారు. ఆ వరసలో చొక్కాయే మొదట ఉంది చూడండి. ఇక్కడ వాతావరణ వార్తల్లో ఉష్ణోగ్రతతో పాటు యూవీ (అతినీలలోహిత కిరణాల) సూచిక కూడా చెబుతారు. 3 నుంచి జాగ్రత్త పడాలి, 11, ఆపైన అయితే అతి తీవ్రం. మన కోస్తాలో నవంబరు మధ్యాహ్నం కూడా 8 దాకా వెళ్తుంది. వేసవిలో చెప్పనే అక్కర్లేదు.

ఫోను లేకపోయినా ఒక లెక్క ఉంది. మన నీడ మనకంటే పొట్టిగా ఉంటే ఎండ కాల్చే ఎండ. మా అమ్మాయికి బడిలో మొదట నేర్పింది అదే.

నాట్ల_కూలీ_కూతురు · ఉదయం 11:15

మెల్‌బోర్న్ అన్నయ్య చెప్పింది చదువుతుంటే మా అమ్మ గుర్తొచ్చింది. నల్లగా ఉన్నవాళ్ళకి ఎండ ఏమీ చెయ్యదు అని చాలామంది అంటారు. మా అమ్మది నలుపే. నాట్లప్పుడు పొద్దున్నుంచి నడుం వంచి ఉండేది, కింద మడిలో నీళ్ళు. జాకెట్టుకీ చీర కుచ్చిళ్ళకీ మధ్య ఖాళీ ఉంటుంది కదా, వెనక ఆ జానెడు చోటు కమిలిపోయేది. ఎరుపు కనిపించేది కాదు, ఇంకా నల్లబడి, మెరుస్తూ, బిగుసుకుపోయినట్టు ఉండేది. వేడి నీళ్ళు పడితే కేక పెట్టేది. రాత్రి నేను గంజి చల్లార్చి, పల్చగా చేసి, గుడ్డతో అద్దేదాన్ని. హాయిగా ఉంది అనేది. గంజి సంగతి డాక్టర్లు ఏమంటారో కానీ మా అమ్మ ముఖం తేటపడటం నేను చూశాను.

తర్వాత ఊళ్ళో ఆడవాళ్ళందరిలాగే నాన్న పాత పొడుగుచేతుల చొక్కా చీర మీద వేసుకుని వెళ్ళడం మొదలుపెట్టింది. ఆ బాధ తీరిపోయింది. ఇప్పటికీ మిరప కోతల్లో, ఉపాధి పనుల్లో ఆడవాళ్ళు అలాంటి చొక్కాలతోనే కనిపిస్తారు. బీచ్‌కి వెళ్ళే పిల్లాడికి కూడా అదే చొక్కా తొడిగితే ఏ జెల్లూ అక్కర్లేదు.

గోదారిగట్టు · మధ్యాహ్నం 12:02

ఈ పోస్టుకి దణ్ణం పెట్టాలనిపించింది అక్కా.

కొబ్బరితోట · మధ్యాహ్నం 1:20

కొబ్బరినూనె గురించి ఎవరూ చెప్పలేదేం? మా వైపు అన్నిటికీ అదే.

మందుల_విజయ · మధ్యాహ్నం 1:48

వేడి ఉన్న మొదటి రోజు, రెండో రోజు నూనె, వాసలీన్, నెయ్యి, వెన్న ఏదీ వద్దండీ. పైన మూతలా పరుచుకుని వేడిని పోనివ్వవు. మంట తగ్గి, చర్మం ఆరిపోయి పొట్టు లేవడం మొదలయ్యాక కొబ్బరినూనె పల్చగా రాసుకోవచ్చు. టూత్‌పేస్టు, వంటసోడా మాత్రం ఏ రోజూ వద్దు. మజ్జిగ చాలామంది అడుగుతారు. తెగని చర్మం మీద చల్లటి, పులవని మజ్జిగ గుడ్డతో అద్దితే హాయిగానే ఉంటుంది. బొబ్బలు ఉంటే వద్దు. నా సలహా అయితే మజ్జిగని కాస్త ఉప్పేసి తాగించండి. కమిలిన చర్మం లోపలి నీటిని పైకి లాగేసుకుంటుంది, పిల్లలు త్వరగా నీరసపడతారు.

పేట_అమ్మాయి · సాయంత్రం 5:30

విజయగారూ, మీరన్నట్టే ఈరోజు ఎక్కువైంది. ముందే చెప్పబట్టి సరిపోయింది, లేకపోతే ఏడ్చేసేదాన్ని. ఎడమ భుజం మీద కందిపప్పు బద్దంత బొబ్బలు నాలుగు లేచాయి, లోపల తేటగా నీళ్ళు. జ్వరం 99.4. బడికి పంపలేదు. చొక్కా వెయ్యకుండా తడిగుడ్డతోనే ఉంచాం. బొబ్బలు సూదితో గుచ్చితే త్వరగా మానతాయని మా మరిది అంటున్నాడు.

చర్మం_నర్సు · సాయంత్రం 5:52

గుచ్చకండి! ఆ పల్చటి తోలే కింద పచ్చి చర్మానికి కట్టు. అది పోతే సూక్ష్మజీవులకి తలుపు తీసినట్టే. అదే పగిలితే శుభ్రమైన నీళ్ళతో కడిగి, అప్పుడు పల్చగా వాసలీన్ రాసి, అంటుకోని గాజుగుడ్డ పెట్టండి. నేను ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మవ్యాధుల వార్డులో చేస్తున్నాను.

నాలుగు చిన్న బొబ్బలకి భయం లేదు. అయితే పిల్లాడు కాబట్టి రేపు ఒకసారి పిల్లల డాక్టరుకి చూపించండి. బొబ్బలు వీపంతా లేచినా, జ్వరం 101 దాటినా, వణుకు, వాంతులు, తల తిరగడం, మగతగా ఉండటం, మూత్రం తగ్గడం కనిపించినా ఈ రాత్రికే తీసుకెళ్ళండి. కళ్ళు ఇసుక పడ్డట్టు గుచ్చుకుంటూ వెలుగు చూడలేకపోయినా అంతే. ఏడాది లోపు పసిపిల్లలకైతే కొంచెం కమిలినా డాక్టరు దగ్గరికే.

ముఖం_మారిన_మనిషి · రాత్రి 8:15

దయచేసి ఎవరూ షాపులో "ఎండకి కమిలింది, ఏదో క్రీము ఇవ్వండి" అని అడిగి తెచ్చుకోకండి. నాకు అలా ఒక షాపులో చిన్న ట్యూబు ఇచ్చారు. రెండు రోజుల్లో మంట పోయింది, నలుపు కూడా విరిగింది. బాగుంది కదా అని రోజూ రాశాను, ఎనిమిది నెలలు. తర్వాత తెలిసింది అందులో బలమైన స్టీరాయిడ్ ఉందని. బుగ్గల మీద చర్మం పల్చబడి సన్నటి రక్తనాళాలు బయటికి కనిపించాయి. ఎండలో రెండు నిమిషాలు నిలబడితే నిప్పు. ఆపితే మంట, రాస్తే తగ్గడం. బయటపడటానికి ఏడాదిన్నర పట్టింది. పెళ్ళి ఫోటోల్లో నా ముఖం చూసుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తుంది.

మందుల_విజయ · రాత్రి 8:40

తమ్ముడూ, ఇది రాసినందుకు మా వృత్తి తరఫున మీకు రుణపడి ఉంటాను. తక్కువ బలం ఉన్న హైడ్రోకార్టిసోన్ 1 శాతం క్రీము డాక్టరు ఒకటి రెండు రోజులకి రాయొచ్చు. పేరులో బీటామెథాసోన్, క్లోబెటాసోల్, మొమెటాసోన్ అని ఉంటే డాక్టరు చీటీ లేకుండా ముఖానికి పెట్టకండి.

గుంటూరు_విద్యార్థి · రాత్రి 9:05

ఒక డౌటు. మొటిమలకి డాక్సీసైక్లిన్ వాడుతున్నాను. పోయిన నెల పది నిమిషాలు బండి మీద వెళ్తే చేతుల పైభాగం కందిపోయింది. స్నేహితులకి ఏమీ కాలేదు. సంబంధం ఉందా?

మందుల_విజయ · రాత్రి 9:20

ఉంది. డాక్సీసైక్లిన్ వాడేవాళ్ళకి ఎండ ఎక్కువ కాలుస్తుంది. బీపీకి ఇచ్చే హైడ్రోక్లోరోథయజైడ్, మొటిమలకి ఇచ్చే ఐసోట్రెటినాయిన్ కూడా అంతే. మందు మీరే ఆపేయకండి, రాసిన డాక్టరుకి చెప్పండి. అందాకా పొడుగు చేతులు తప్పనిసరి.

పాలమూరు_మాస్టారు · నవంబరు 17, ఉదయం 7:00

ఒక పక్కమాట. మా నాన్నగారికి ఎండాకాలం వస్తే మెడచుట్టూ హారంలా, ముంజేతుల మీద కమిలినట్టు నల్లబడి పొలుసులు లేచేవి. ఎండదెబ్బే అనుకుని ఏవేవో పూసేవాళ్ళం. చివరికి అది పెల్లాగ్రా అని తేలింది, నయాసిన్ విటమిన్ లోపం. అప్పట్లో మా తిండంతా జొన్నరొట్టె, కారమే. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్ సి. గోపాలన్ గారి బృందం 1960లలో ఈ జొన్న తిండికీ ఆ జబ్బుకీ ఉన్న లంకె మీద పరిశోధనలు చేసింది. మాత్రలు వేశాక నాన్నగారి మెడ నెల తిరక్కుండా తేటపడింది. ప్రతి ఏడూ అదే చోట్ల కమిలితే పైపూతలతో సరిపెట్టకుండా డాక్టరుకి చూపించాలి. ముక్కుకి రెండు పక్కలా బుగ్గల మీద కందిపోయి, కీళ్ళు నొస్తుంటే కూడా చూపించండి, లూపస్ (ఒంటి రక్షణ వ్యవస్థ మన ఒంటి మీదే తిరగబడే జబ్బు) అలా మొదలవ్వొచ్చు.

పేట_అమ్మాయి · నవంబరు 20, రాత్రి 9:10

ఆలస్యానికి క్షమించండి. 17న డాక్టరుగారికి చూపించాం. బొబ్బల జోలికి పోవద్దు, మీరు చేస్తున్నదే చెయ్యండి, సువాసన లేని మాయిశ్చరైజర్ రోజుకి మూడుసార్లు రాయండి అన్నారు. జ్వరం ఆ రోజే పోయింది. బొబ్బలు వాటంతట అవే అణిగాయి. ఈరోజు నుంచి భుజం మీద ఉల్లిపొరలా తోలు లేస్తోంది. వాడికి అది పీకడం ఆటైపోయింది, ఆపలేకపోతున్నాను. దురద కూడా ఉంది.

చర్మం_నర్సు · రాత్రి 9:32

పీకితే మచ్చ పడుతుంది, మన రంగు వాళ్ళకి నెలల తరబడి ఉంటుంది. గోళ్ళు కత్తిరించండి. వేలాడే పొరని చిన్న కత్తెరతో అంచు వరకే కత్తిరించి, స్నానం అయిన మూడు నిమిషాల్లో తడి మీదే మాయిశ్చరైజర్ రాయండి. దురదకి కాలమైన్ పనికొస్తుంది, అందులో ఉన్నది జింక్ ఆక్సైడే, ఆ గులాబీ రంగు కాస్త ఐరన్ ఆక్సైడ్ కలిపినందుకు. అయితే అది ఆరబెడుతుంది, పొట్టు లేస్తున్నప్పుడు మాయిశ్చరైజరే ఎక్కువ రాయండి. కొత్త చర్మం పసిది, రెండు మూడు వారాలు ఎండ తగలనివ్వొద్దు.

గోదారిగట్టు · రాత్రి 9:50

సన్‌స్క్రీన్ ఎంత రాయాలక్కా? మేము బఠాణీ గింజంత రాస్తాం.

మెల్‌బోర్న్_మావయ్య · నవంబరు 21, ఉదయం 5:40

ముఖానికీ మెడకీ చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలంత తీసుకోవాలమ్మా. పెద్దవాళ్ళకి ఒళ్ళంతా ఒకసారికి 30 మి.లీ. పైనే కావాలి. సన్‌స్క్రీన్ బలం చెప్పే ఎస్‌పీఎఫ్ అంకె 30 అయితే కమిలించే కిరణాల్లో 97 శాతం ఆపుతుంది, 50 అయితే 98. ఆ ఒక్క శాతం కోసం ఖరీదైనది కొని పొదుపుగా రాయడం కంటే 30 కొని దండిగా రాయడం మేలు. రెండు గంటలకోసారి, నీళ్ళలోంచి వచ్చిన ప్రతిసారీ మళ్ళీ రాయాలి. రేటు చూసి దిగులు పడేవాళ్ళకి నాట్ల చెల్లెమ్మ చెప్పిన చొక్కా ఉండనే ఉంది.

పేట_అమ్మాయి · డిసెంబరు 1, సాయంత్రం 6:20

చివరి కబురు. వీపంతా కొత్త చర్మం వచ్చేసింది. ఎడమ భుజం మీద బొబ్బలు లేచిన చోట మాత్రం నాలుగు లేత మచ్చలు ఉన్నాయి, డాక్టరుగారు మెల్లగా కలిసిపోతాయన్నారు. నా మెడ మీద నలుపు గీత ఇంకా ఉంది, నేనూ మాయిశ్చరైజర్ రాస్తున్నాను.

ఈరోజు ఆదివారం కదా, వాడు వీధిలో క్రికెట్ ఆడటానికి బయల్దేరాడు. పదకొండున్నర అయింది. మెల్‌బోర్న్ అన్నయ్యగారు చెప్పిన నీడ లెక్క వాడికి నేర్పాను. వాకిట్లో నిలబడి, చెప్పుతో నీడ ఎంతుందో కొలిచాడు. తర్వాత తన పొడవు ఎన్ని చెప్పులో నన్ను కొలవమని గడప మీద పడుకున్నాడు. నీడ ఒక చెప్పు పైనే తక్కువొచ్చింది. బ్యాటు మూల పెట్టేసి, "అమ్మా, మూడున్నరకి మళ్ళీ కొలుస్తా" అన్నాడు.